పాత పద్ధతిలో చివరి పేపరు

అప్పట్లో మేము రువైస్‌లో ఉండేవాళ్లం. అబుదాబి నుంచి సముద్రం వెంబడి పడమరకు రెండున్నర గంటలు కారు నడిపితే వస్తుంది ఆ ఊరు. మా ఆయనకు రిఫైనరీలో షిఫ్టు ఉద్యోగం. నాకు అక్కడే కడుతున్న క్వార్టర్స్ పనిలో, కన్సల్టెంట్ల తరఫున సైటు ఆఫీసులో ఆర్కిటెక్టు ఉద్యోగం. ఆర్కిటెక్టునని నేను అనుకోవడమే గానీ గీసేది నేను, సంతకం పెట్టేది అబుదాబి ఆఫీసులో కూర్చునే అమెరికా పెద్దాయన. పదకొండేళ్లుగా ఇదే వరస. ఆయన మంచివాడు, నా డ్రాయింగుల్లో తప్పు పట్టిన సందర్భాలు తక్కువ. నాకు మంట అక్కడే. తప్పులేని డ్రాయింగు కింద నా పేరెందుకు ఉండదు?

ఆ మాట ఒకసారి మొహం మీదే అడిగేశాను. ఆయన నవ్వి, "లైసెన్సు తెచ్చుకో, మరుసటి రోజే నీ పేరు పెడతాను" అన్నారు. అమెరికా ఆర్కిటెక్టు లైసెన్సు పరీక్ష అబుదాబిలోనే ఒక సెంటర్లో రాయొచ్చని అప్పుడే తెలిసింది. నా డిగ్రీ కాగితాలు పంపి, ఆయన కింద పనిచేసిన గంటలన్నీ ఆయన చేతే రాయించి, పరీక్షకు అర్హురాలినని ఉత్తరం వచ్చేసరికి రెండేళ్లు పట్టింది. తీరా ఉత్తరం వచ్చిన రోజుల్లోనే పరీక్ష పద్ధతి మారుతోందన్నారు.

పాత పద్ధతిలో ఏడు పేపర్లు, కొత్త పద్ధతిలో ఆరు. కొంతకాలం రెండూ పక్కపక్కనే నడుస్తాయి, 2018 జూన్ నెలాఖరుతో పాతది మూతపడుతుంది. ఈలోపు పాత పద్ధతిలో పాసైన పేపర్లకు కొత్తదాంట్లో మినహాయింపు ఉంటుంది. ఏ పేపరుకు ఏది సరిపోతుందో చూపించే పట్టిక ఒకటి వాళ్లే ఇచ్చారు. ఆ పట్టికను నేను చూసినంతగా మా పెళ్లి ఆల్బమ్ కూడా చూడలేదు. దాంట్లో ఒక దగ్గరి దారి ఉంది. పాత పద్ధతిలో ఫలానా మూడు పేపర్లు పాసైతే కొత్తదాంట్లో నాలుగు పాసైనట్టే లెక్క. ఇక రెండే మిగులుతాయి. కాకపోతే ఆ నాలుగింటిలో మూడు మినహాయింపులకు ఒకే పేపరు ఆధారం. అది కాంట్రాక్టు పత్రాలు, నిర్మాణ డ్రాయింగుల పేపరు. అది పాసవకపోతే, మిగతా రెండూ పాసైనా, కొత్తదాంట్లో అయిదు మళ్లీ మొదటి నుంచి రాయాలి.

ఇంత తెలిసీ నేను చేసిందేమిటంటే, ఆ పేపరును ఆఖరుకు పెట్టుకున్నాను. ముందు తేలికైనవి కొట్టేద్దాం, ధైర్యం వస్తుంది అని అందరికీ చెప్పుకున్నాను. 2017లో ఒకటి, 2018 మొదట్లో ఒకటి పాసయ్యాను. ధైర్యం మాత్రం రాలేదు. మూడోదానికి మే ఇరవై దరిదాపుల్లో తేదీ తీసుకున్నాను. ఒకసారి తప్పితే మళ్లీ రాయడానికి రెండు నెలలు ఆగాలన్నది నియమం. అప్పటికి పాత పద్ధతే ఉండదు. అంటే నాకున్నది ఒకే ఒక్క అవకాశం.

మా అత్తగారు అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు, మూడు నెలల విజిట్ వీసా మీద. ఆవిడది రాజమండ్రి, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. తక్కువ మాట్లాడతారు. నేను ఎక్కువ మాట్లాడతాను కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది. నేను హాల్లో కాంట్రాక్టు నిబంధనలు బట్టీ పడుతుంటే ఆవిడ టీవీ గొంతు తగ్గించి, టీ గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి వెళ్లేవారు.

మేలో మొదటి శుక్రవారం ఇంట్లోనే నమూనా పరీక్ష రాసుకున్నాను. వందకు నలభై ఎనిమిది. శనివారం ఇంకొకటి రాస్తే నలభై ఆరు. పుస్తకం మూసి గోడకేసి కొట్టాను. ఆ గదిలో ఎవరూ లేరు కాబట్టి అది ఎవరికీ తెలియదు. అమెరికాలో కాంట్రాక్టరు ఆలస్యం చేస్తే ఎవరు ఎవరికి, ఎన్ని రోజుల్లో ఉత్తరం రాయాలో నాకు చస్తే ఎక్కడం లేదు. మా సైటులో ఆలస్యమైతే ముదీర్, అంటే మేనేజరు, ఫోన్ తీసి అరుస్తాడు, అవతలివాడు "బుక్రా, బుక్రా" అంటాడు, రేపంటే రేపే అనుకుని అందరూ టీ తాగుతారు. పదకొండేళ్లు నేను చూసిన కాంట్రాక్టు చట్టం అది.

ఆ సాయంత్రం అత్తగారు ఇండియాకు ఫోన్లో మాట్లాడుతున్నారు. వాళ్ల తమ్ముడిగారి ఇంటి గృహప్రవేశం సంగతి. "అధిక మాసం వచ్చేస్తోంది కదరా, ఇంక నెల్లాళ్ల దాకా ముహూర్తాలుండవు, జ్యేష్ఠం వచ్చాక చూసుకోండి" అంటున్నారు. నేను పంచాంగాలూ ముహూర్తాలూ నమ్మను. నమ్మేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది, సైటులో మట్టి తవ్వడానికి రాహుకాలం చూసిన ఒక ఇంజనీరుతో పోట్లాడాను కూడా. అలాంటిదాన్ని, ఆ మాట చెవిన పడగానే లేచి లాప్‌టాప్ తెరిచాను.

ముందు రద్దు నొక్కి, తర్వాత తేదీలు చూశాను. ఏ పనైనా నేను చేసే పద్ధతి అదే.

జూన్‌లో తేదీలు లేవు. రంజాన్‌లో సెంటర్ పనిగంటలు సగానికి సగం తగ్గాయి. ఆ తర్వాత ఈద్ సెలవులు. చంద్రుడు ఎప్పుడు కనిపిస్తే అప్పుడు మొదలు కాబట్టి, ఆ వారమంతా సెంటర్‌వాళ్లు ముందే మూసి పెట్టారు. ఈద్ తర్వాత మిగిలిన పది రోజుల్లో, నాలాగే ఆఖరు దాకా ఆగిన మహానుభావులు గల్ఫంతటా ఉన్నట్టున్నారు, ఒక్క సీటు ఖాళీ లేదు. వదిలిన సీటు కోసం వెనక్కి వెళ్లి చూస్తే అదీ పోయింది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, నా మొహం చూసి ఏమైందన్నారు. పరీక్ష వాయిదా వేసుకున్నాను, ఇప్పుడు సీట్లు దొరకడం లేదన్నాను.

"ఎందుకేశావ్? అంతా ప్లాన్ చేసుకున్నావ్ కదా?"

"అధిక మాసంలో వద్దన్నారు అత్తయ్య."

నోట్లోంచి అంత సులువుగా వచ్చింది. ఆవిడ వంటింటి గుమ్మంలోనే ఉన్నారు, చేతిలో చపాతీ కర్రతో. ఆయన అటు తిరిగి, "ఏంటమ్మా నువ్వు, ఇక్కడిదాకా వచ్చి కూడా ఈ పట్టింపులేంటి? అది రెండేళ్ల నుంచి చస్తోంది దీనికోసం" అన్నారు. ఆవిడ నా వైపు చూశారు. నేను లాప్‌టాప్ వైపు చూశాను. "పొరపాటైందిరా" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. అప్పుడే లేచి, కాదు, నేనే అబద్ధం చెప్పాను అని ఉంటే సరిపోయేది. అనలేదు. సిగ్గేసింది, సిగ్గు కంటే ముందు హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

తర్వాత పదకొండు రోజులు నేను చేసిన పని ఒకటే, ఆ వెబ్‌సైటు తెరవడం, మూయడం. సైటు మీటింగులో బల్ల కింద ఫోన్లో తెరిచేదాన్ని. ఎవరైనా తప్పుకుంటే సీటు కనిపిస్తుంది, నొక్కేలోపు పోతుంది. సీటు దొరకలేదన్న ప్రతిసారీ ఆయన వాళ్లమ్మ వైపు ఒక చూపు చూసేవారు. ఆవిడ తల వంచుకుని బియ్యం ఏరుకునేవారు. ఆ బియ్యంలో ఏరడానికి ఏమీ ఉండదు, బాస్మతి.

పన్నెండో రోజు ఒక సీటు దొరికింది. జూన్ ఆఖరి వారం, బుధవారం, పొద్దున తొమ్మిదింటికి. పాత పద్ధతి మూతపడటానికి మూడు రోజుల ముందు.

ఊపిరి పీల్చుకున్నాక అసలు సంగతి గుర్తొచ్చింది. పరీక్షకు ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి. నా వీసా గడువు జూన్ మధ్యలో అయిపోతుంది. పరీక్ష మేలో అయిపోతుంది కదా, తర్వాత పాస్‌పోర్టు ఇచ్చేస్తానని కంపెనీవాళ్లకు ఎప్పుడో చెప్పి పెట్టాను. ఇప్పుడు ఇవ్వకపోతే వీసా పోతుంది, ఇస్తే ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు. రంజాన్‌లో ఇచ్చాను. మా కంపెనీలో ఈ వీసాల పని చూసే మందూబ్ ఒక అరబ్బీ పెద్దమనిషి. తిరిగేదీ, క్యూలో నిలబడేదీ మాత్రం ఆయన కింద పనిచేసే కడపాయన. అబుదాబి శివార్లలో ముసఫ్ఫాలో ఉంటాడు, యాభై దాటిన మనిషి, ఎవరి పాస్‌పోర్టు ఏ కౌంటర్లో ఉందో పుస్తకం చూడకుండా చెప్పగలడు.

ఈద్ సెలవులు అయిన మర్నాడు ఫోన్ చేశాను.

"లోపల్నే ఉండాది మేడమ్. సెలవులు గదా, స్టాంపింగ్ అంతా నిలబడిపోయిండాది" అన్నాడు.

"బుధవారం పొద్దున్నకి నా చేతిలో ఉండాలన్నా. లేకపోతే నా రెండేళ్లూ పోతాయి."

"ఇన్షాల్లా మేడమ్."

"ఇన్షాల్లా అనొద్దు, అవునో కాదో చెప్పు."

"నా చేతిలో ఉండేది అదొక్కటే మాట మేడమ్. అది గూడా అనొద్దంటే ఎట్ల?" అన్నాడు, ఏమాత్రం విసుక్కోకుండా. ఫోన్ పెట్టేశాక ఆయన మీద అరిచినందుకు బాధేసింది. ఆదివారం రాలేదు. సోమవారం రాలేదు. మంగళవారం మధ్యాహ్నం నేనే మానుకుని, ఇక ఫోన్ చేయకూడదని బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. పుస్తకంలో ఒక్క అక్షరం బుర్రకెక్కడం లేదు. మూడున్నరకు ఆయనే చేశాడు. "ఖలాస్ మేడమ్, పనైపాయ. రేప్పొద్దున ఏడుకి ముసఫ్ఫా పెట్రోలు బంకు కాడ ఇస్తా."

బుధవారం తెల్లవారుతుండగానే బయల్దేరాం. మా ఆయన షిఫ్టు మార్చుకుని కారు నడిపారు. అత్తగారు గుమ్మం దాకా వచ్చి, పెరుగన్నం డబ్బా ఇచ్చి, నా భుజం తట్టారు. దారంతా నేను నిబంధనలు వల్లిస్తూ ఉన్నాను. ఏడు కల్లా ముసఫ్ఫా బంకు దగ్గర ఉన్నాం. ఏడుంపావు, ఏడున్నర. కడపాయన జాడ లేదు, ఫోన్ మోగుతోంది గానీ తీయడం లేదు. ఎనిమిదిన్నరకు సెంటర్లో ఉండకపోతే లోపలికి రానివ్వరు. మా ఆయన స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తుంటే, ఆపండి అని కసిరాను. ఏడూ నలభైకి రోడ్డు అవతల బస్సు దిగి, చెమటలు కక్కుకుంటూ పరుగున వచ్చాడు. పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. "బస్సు రాల్యా మేడమ్. టైముకు పోతారులే, యల్లా యల్లా" అని కారు తలుపు తనే వేశాడు. థాంక్స్ చెప్పానో లేదో కూడా నాకు గుర్తులేదు.

సెంటర్లోకి అడుగుపెట్టేసరికి ఎనిమిదీ ఇరవై ఏడు. గడియారం, గాజులు, మంగళసూత్రంతో సహా అన్నీ చూశారు. ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మొదటి భాగం వంద ప్రశ్నలు. చిత్రంగా, రెండు నెలలుగా ఎక్కని ఉత్తరాల గొడవంతా ఆరోజు వరసగా గుర్తొచ్చింది. లేచేటప్పుడు ఇది పాసయ్యానని నాకు తెలుసు.

రెండో భాగం డ్రాయింగు. ఒక చిన్న భవనం ప్లాను ఇచ్చి, మధ్యలో కోసి చూస్తే ఎలా ఉంటుందో గీయమంటారు. పునాది నుంచి కప్పు దాకా, దూలాలు, ఏసీ డక్టులు అన్నీ రావాలి. మనకు మిల్లీమీటర్ల అలవాటు, అక్కడ అడుగులూ అంగుళాలూ. అందరినీ భయపెట్టే భాగం అదే, నాకు మాత్రం భయం లేదు. పదకొండేళ్లుగా రోజూ చేసే పని. డక్టు ఎత్తు రెండుసార్లు లెక్కేశాను, కప్పు ఎత్తు మూడుసార్లు చూశాను. గోడల కింద పునాదులు చకచకా పెట్టేశాను. పది నిమిషాలు మిగిలి ఉండగానే పూర్తిచేసి బయటికొచ్చాను.

మా ఆయన నన్ను చూడగానే, "మొహమే చెబుతోంది" అన్నారు. అవునన్నాను. కారులోనే పెరుగన్నం తిన్నాం. ఆయన పాటలు పెట్టారు. రెండేళ్లలో మొదటిసారి కడుపునిండా తిన్నట్టు అనిపించింది.

ఇంటి దారిలో తరీఫ్ అనే ఊరు దాటాక రోడ్డు పక్కన పైపులైను కోసం తవ్విన పొడవాటి కందకం ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం బయట పని నిషేధం కాబట్టి మనుషులెవరూ లేరు, తవ్విన ఇసుక అలాగే కుప్పగా ఉంది. బయట నలభై ఏడు డిగ్రీలని కారు చూపిస్తోంది. ఆ కందకం లోతు చూస్తూ, మన దగ్గరైతే ఇంతమాత్రం తవ్వితే గట్టి నేల తగులుతుంది, పునాదికి ఇది చాలు అనుకున్నాను. అలా అనుకుంటుండగానే పొద్దున నేను గీసిన పునాదులు గుర్తొచ్చాయి.

"కారాపండి" అన్నాను.

మంచు. అమెరికాలో చలికాలం నేల గడ్డకడుతుంది. అది ఎంత లోతు దాకా గడ్డకడుతుందో ప్రశ్నలోనే ఇస్తారు, బయటి గోడల పునాది అంతకంటే లోతుకు దిగాలి. లేకపోతే నేల ఉబ్బి గోడ లేచిపోతుంది. పుస్తకంలో ఆ పేజీ మీద ఎర్ర ఇంకుతో గీతలు గీసుకున్నాను. ఇంట్లో సాధన చేసిన ప్రతిసారీ సరిగ్గానే పెట్టాను. ఆరోజు మాత్రం ప్రశ్నలో ఆ అంకె చదివి కూడా, నా చెయ్యి దాని పాటికది రువైస్‌లో రోజూ పెట్టే లోతులోనే పెట్టేసింది. నేల గట్టిగా ఉంది, చాలు. చలిదేశాల్లో పని చేసినవాళ్లెవరూ ఈ తప్పు చేయరు. మంచు అన్నది మాకు ఫ్రిజ్‌లో తప్ప కనిపించదు.

ఆయనకు చెప్పాను. "అంతా బాగా రాసి అదొక్కటే తప్పైతే ఫెయిల్ చేస్తారా?" అన్నారు. చేస్తారు, రెండు భాగాలూ విడివిడిగా పాసవ్వాలన్నాను. పాటలు ఆపేశారు.

పాత పద్ధతి మూతపడిపోయిన తర్వాత వారానికి ఫలితం వచ్చింది. సైటు ఆఫీసులో చూశాను. ఫెయిల్. ఏ భాగంలో తప్పానో కూడా రాశారు, డ్రాయింగు ఒక్కటే. ముందే తెలుసు కదా అనుకున్నాను గానీ, బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి బాగా ఏడ్చాను. మేలో రాసినా ఈ తప్పే చేసేదాన్నేమో. చేసేదాన్ని కాదేమో. ఇప్పటికీ చెప్పలేను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఒక్కరే ఉన్నారు. ఆవిడ తిరుగు ప్రయాణం ఇంకో నాలుగు రోజులుంది, సూట్‌కేసు మంచం మీద తెరిచి ఉంది. సంగతి చెప్పాను. ఆవిడ మడతపెడుతున్న చీర పక్కన పెట్టారు.

"నా మూలాన్నే కదమ్మా" అన్నారు.

ఆ మాట వినలేకపోయాను. "కాదత్తయ్యా. మీరేం అనలేదు. నాకే భయమేసింది. తప్పుతానని భయమేసి మీ మీద పెట్టాను."

"తెలుసు" అన్నారు ఆవిడ. "ఆ నెల్లో పరీక్షలు రాయకూడదని ఎక్కడుంది? ముప్పై ఏళ్లు పిల్లలకి పరీక్షలు పెట్టినదాన్ని. భయపడ్డ పిల్ల మొహం నాకు తెలీదా? నువ్వు దాక్కోడానికి చోటు వెతుక్కున్నావు, నన్నడ్డం పెట్టుకున్నావు. పోన్లే, ఆ నెల్లాళ్లూ చదువుకుంటుందని ఊరుకున్నాను."

ఆవిడ మళ్లీ చీర తీసుకుని, "ఇంకెన్ని రాయాలి?" అన్నారు.

"అయిదు."

"మొదటిదెప్పుడు?"

"చూస్తానత్తయ్యా. కొత్త పద్ధతి కదా, పుస్తకాలింకా సరిగ్గా రాలేదు, కొంచెం ఎండలు తగ్గాక..." అంటూ, నా మాట నాకే వినిపించి ఆగిపోయాను. ఆవిడ చీర అంచులు కలుపుతూ నా వైపు చూడకుండా వింటున్నారు. లేచి లాప్‌టాప్ తెచ్చి, మంచం మీద ఆవిడ పక్కనే కూర్చుని, ఖాళీగా కనిపించిన మొదటి తేదీ నొక్కాను. ఏడు వారాలుంది.

"వాడికి మాత్రం నేను చెప్పనమ్మా" అన్నారు ఆవిడ.

"నేను చెబుతానత్తయ్యా."

ఆరింటికి ఆయన వచ్చారు. బూట్లు విప్పుకోకముందే చెప్పేశాను, లేకపోతే మళ్లీ వాయిదా వేస్తానని నాకు తెలుసు. మీ అమ్మ ఆరోజు నన్ను వద్దనలేదు, ఒక్క మాట కూడా అనలేదు, నాకు భయమేసి ఆవిడ పేరు చెప్పాను, మీరు అన్నన్ని మాటలు అంటుంటే వింటూ కూర్చున్నాను. ఆయన ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నన్ను తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. బూటు అక్కడే వదిలేసి లోపలి గదిలోకి వెళ్లి, సూట్‌కేసు పక్కకి జరిపి, వాళ్లమ్మ పక్కన కూర్చున్నారు.